నాణెం పెట్టిన పాట

నాలుగు రోజులు నోరు మెదపొద్దని గొంతు డాక్టరు చెప్పడంతో మా తమ్ముడు ఒక పలక కొనుక్కొచ్చాడు. నలభై ఆరేళ్ల మనిషి మెడలో పలక వేలాడేసుకుని ఇల్లంతా తిరుగుతుంటే, ఆటపట్టించడానికి మా ఆయనకి అంతకంటే ఏం కావాలి?

"ముప్ఫై ఏళ్లలో ఈ ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. ఆ డాక్టరెవరో, వెళ్లి దండేసి రావాలి," అన్నాడు టీ తాగుతూ.

తమ్ముడు గబగబా రాసి పలకని ఆయన ముక్కు ముందు పెట్టాడు. 'నీ గురక కూడా ఆయనకే చూపిద్దాం బావా.'

అందరం నవ్వాం. నవ్వుతూనే నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ నాలుగు రోజులూ వాడి ముఖంలోకి సరిగ్గా చూడలేకపోయాను.

మా తమ్ముడిది పాటలు పాడే పని. సొంత పాటలు కావు. ఒకప్పుడు లోకమంతా ఊగిపోయిన రాక్ బ్యాండ్ ఒకటుండేది. దాని గాయకుడు నలభై ఒకటో ఏట పోయాడు. ఆ గాయకుడిలా పాడతాడు వీడు. అదే తెల్ల బనియను, మణికట్టుకి అదే తోలు పట్టీ, పైస్థాయికి వెళ్లేటప్పుడు అలాగే కళ్లు మూసుకోవడం. పెళ్లిళ్లలో, హోటళ్ల ప్రారంభాల్లో, స్కూలు వార్షికోత్సవాల్లో ఇరవై ఏళ్లుగా పాడుతున్నాడు. మా పేటలో వాణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ 'జిరాక్సు'. పగలు సౌండు బాక్సులు అద్దెకిచ్చే షాపులో వైర్లు చుడతాడు. ఎనిమిదేళ్ల కిందట వాడి భార్య వెళ్లిపోయింది. "నేను నిన్ను చేసుకున్నాను. నువ్వు ఆ చచ్చిపోయినవాణ్ణి చేసుకున్నావు," అందట. పెట్టె పట్టుకుని మా ముందుగదిలోకి వచ్చాడు. అప్పట్నుంచీ మాతోనే.

ఆ బ్యాండు మీద ఇప్పుడు సినిమా తీస్తున్నారు. గాయకుడి వేషం ఎవరో పేరున్న నటుడిది. పాటలు మాత్రం అసలు రికార్డింగులే వాడతారు, ఒక్కటి తప్ప. వాళ్ల మొట్టమొదటి పాట. పేరు రాకముందు, ఎవరూ పట్టించుకోనప్పుడు చేసింది. దాని టేపు స్టూడియో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. రికార్డులు కూడా కొద్దిగానే అచ్చయ్యాయి, ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదట. సినిమా మొదలయ్యేదేమో ఆ పాటతోనే. దాన్ని అదే గొంతుతో పాడే మనిషి కోసం చూస్తుంటే, ఎవరో ఫోనులో తీసిన మా వాడి పాట వాళ్ల చెవిన పడింది.

"ఆ పాట మీకెలా తెలుసు అని అడిగారక్కా! మా ఇంట్లో రికార్డు ఉండేది, దాన్ని వింటూనే పెరిగాను అన్నాను. నిజమేనా అని మళ్లీ మళ్లీ అడిగారు. పాట పరీక్షకి రమ్మన్నారు. నేను కాక ఇంకెవరికి తెలుసు ఆ పాట? చెప్పు!"

ఇది వాడు పలక కొనక ముందు మాట. చెబుతున్నప్పుడే గొంతు రెండుసార్లు పీలికలైంది. స్వరపేటిక మీద ఆవగింజంత కాయలు రెండున్నాయి, కోసి తీసెయ్యాలి, తీశాక ఇదివరకటి గొంతు వస్తుందని మాటివ్వలేను అని డాక్టరు అప్పటికే చెప్పాడు. వాడు వాయిదా వేయించుకున్నాడు. పరీక్ష దాకా ఆగమన్నాడు.

"తీసేలోపు ఒక్కసారి ఈ గొంతు సినిమాలో పడాలక్కా. తర్వాత మూగోణ్ణయిపోయినా ఫర్వాలేదు."

"ఛీ, అవేం మాటలు," అన్నాను.

ఆ రికార్డు సంగతి చెప్పాలి. నాకూ వాడికీ పన్నెండేళ్ల తేడా. నాకు పద్నాలుగేళ్లప్పుడు నాన్నని పీడించి దాన్ని కొనిపించాను. ఏడాది పాటు అదే పాట, అదే పాట. అందులో ఒక లైను ఉంటుంది: 'తలుపు తీసే ఉంచాను, వానైనా రావచ్చు, నువ్వైనా రావచ్చు.' ఒకే ఊపిరిలో, మెట్లెక్కినట్టు పైకి వెళుతుంది. చివరి 'రావచ్చు' దగ్గర నాకు ఒళ్లు జలదరించేది.

రికార్డుల పెట్టె దేవుడి అర కింద ఉండేది. ఒక ఉదయం దీపంలో నూనె పోస్తుంటే చెయ్యి తొణికి, అట్ట మీద పెట్టిన రికార్డు మీద పడింది. నాన్న చూస్తే చంపేస్తాడు. గుడ్డతో తుడిస్తే జిడ్డు పోలేదు. వంటింట్లోకి తీసుకెళ్లి గిన్నెలు తోమే పీచుతో, సబ్బుతో తోమేశాను. శుభ్రంగా మెరిసింది. సాయంత్రం ప్లేయరులో పెడితే ఆ లైను దగ్గర దాని ముల్లు ఎగిరింది. 'తలుపు తీసే ఉం', టక్, 'తలుపు తీసే ఉం', టక్... అక్కడి నుంచి ఇక కదలదు. నాన్న ఇంటికొచ్చి, పాత రికార్డులకి ఇది మామూలే అని, ముల్లు ఉండే చేతి మీద ఒక నాణెం పెట్టాడు. ఆ బరువుకి రెండుసార్లు ఎగిరి, మూడోసారి ముందుకి జరిగేది.

తమ్ముడికి అప్పుడు మూడేళ్లు. వాడు ఆ పాటని నాణెంతోనే విన్నాడు. 'తలుపు తీసే ఉం, తలుపు తీసే ఉం, తలుపు తీసే ఉంచాను.' ఆ 'టక్' దగ్గర చిన్న చేతులతో నేల మీద దరువు వేసేవాడు. వాడికి పదేళ్లప్పుడు ఇల్లు మారుతుంటే ఆ రికార్డు ముక్కలైంది. ఆ పాట వాడి నోట్లో మాత్రం మిగిలింది.

మరి ఇన్నేళ్లలో వాడికి అనుమానం రాలేదా అంటే, రాకపోవడానికి కారణం ఉంది. ఆ గాయకుడు తర్వాత్తర్వాత పాడిన పాటల్లో మాటల్ని అలాగే తుంచి, తుంచి పాడేవాడు. అదే ఆయన ప్రత్యేకత అని పత్రికలు రాశాయి. ఆ పాటలు వచ్చినప్పుడు మా వాడు ఎగిరి గంతేశాడు. "చూశావా అక్కా, మన రికార్డులోనే మొదలెట్టాడు ఇది!" స్టేజీ మీద కూడా చెబుతాడు, గర్వంగా. చెప్పి, 'తలుపు తీసే ఉం' దగ్గర మైకు జనం వైపు తిప్పుతాడు. పెళ్లికూతురి తాతల దగ్గర్నుంచి పిల్లల దాకా మూడుసార్లూ అందుకుంటారు.

మొదట నాన్నకి భయపడి చెప్పలేదు. తర్వాత వాడి సంబరం చూసి చెప్పలేదు. ఆ తర్వాత చెప్పాల్సిన అవసరమే కనిపించలేదు. రోజూ దీపం పెట్టే మనిషిని, అబద్ధం ఆడని మనిషిని అని పేరున్నదాన్ని. చెప్పకపోవడం అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

పరీక్ష ముందు రోజు పొద్దున, వాడు గొంతుకి ఆవిరి పడుతుంటే పక్కన కూర్చున్నాను. "ఒరే," అన్నాను. దుప్పటి తీసి చూశాడు. ముఖమంతా చెమట, కళ్లలో ఆశ. పలక అందుకుని 'ఏంటక్కా' అని రాశాడు.

"నీళ్లు ఇంకొంచెం కాగాలా?"

తల అడ్డంగా ఊపి మళ్లీ దుప్పటి కప్పుకున్నాడు.

మర్నాడు ఇద్దరం రెండు బస్సులు మారి వెళ్లాం. ఫ్లాస్కులో వేడినీళ్లు నేనే పట్టుకున్నాను. స్టూడియో అంటే ఏదో అనుకున్నాను. మెట్ల కింద చెప్పులు, గోడలకి బూడిదరంగు స్పాంజి, ఏసీ చలి. అద్దానికి ఇవతల మీటల బల్ల, దాని ముందు సంగీత దర్శకురాలు. నా కూతురి వయసు ఉంటుందేమో, జుట్టు పెన్సిలుతో ముడేసుకుంది. ఆమె పక్కన ఒక పెద్దాయన, చేతివేళ్లు వంకరపోయి ఉన్నాయి. ఆ బ్యాండులో గిటారు వాయించినాయన ఆయనే. మా వాడు ఆయన్ని చూడగానే రెండు చేతులూ జోడించి, ఏం చేయాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

"మాట్లాడకు, మాట్లాడకు. ఉన్నది పాటకి దాచుకో," అన్నాడు పెద్దాయన. మంచి మనిషి.

నన్ను మూల కుర్చీలో కూర్చోబెట్టారు. తమ్ముడు అద్దానికి అవతల, మైకు ముందు. నాలుగు రోజుల మౌనం ఊరికే పోలేదు. ఎత్తుకున్న మొదటి మాటకే పెద్దాయన కుర్చీలో ముందుకి జరిగాడు. రెండో లైనుకి ఆయన కళ్లు చెమర్చాయి. "వాడే," అన్నాడు మెల్లగా. "అచ్చం వాడే."

నేను కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాను. ఏమని అడగాలో తెలియలేదు. ఆ లైను వచ్చింది.

'తలుపు తీసే ఉం, తలుపు తీసే ఉం, తలుపు తీసే ఉంచాను...'

పెద్దాయన చెయ్యెత్తాడు. పాట ఆగింది.

"ఇదేంటి? మేం ఇలా చేశామా?"

"రికార్డులో ఇలాగే ఉంది సార్," అన్నాడు తమ్ముడు మైకులోంచి. నాలుగు రోజుల తర్వాత వాడి మాట వినడం అదే. బొంగురుగా, సంతోషంగా. "మీ స్టైలు ఇక్కడే మొదలైంది కదా సార్."

సంగీత దర్శకురాలు పెద్దాయన వైపు తిరిగింది. "భలే ఉంది సార్. కొత్తగా ఉంది. ఆయన ముద్ర మొదటి పాటలోనే ఉందంటే సినిమాకి ఇంకా మంచిది. మీకు గుర్తులేదా?"

"నలభై నాలుగేళ్లమ్మా. ఆ రోజు నేను తాగి ఉన్నాను కూడా." ఆయన నుదురు రుద్దుకున్నాడు. "అప్పటికి వాడు తుంచి పాడేవాడు కాదని నా లెక్క. కానీ ఏమో. వాడేం చేసినా చేస్తాడు."

"రికార్డు మా అక్క కొనిపించిందే సార్!" అన్నాడు తమ్ముడు. అద్దంలోంచి నా వైపు చెయ్యి చూపించాడు. "నాకంటే పెద్దది. ఏడాదంతా ఇదే విందట. అడగండి."

అందరూ నా వైపు తిరిగారు.

"చెప్పండమ్మా," అంది ఆ అమ్మాయి. "మీరు విన్నప్పుడు ఇలాగే ఉండేదా? ఇది నిజం కథ అని తెర మీద వేసుకుంటున్నాం. అందుకే అడుగుతున్నా."

ఒక్క మాట. 'అవును' అంటే చాలు. వాడి గొంతు సినిమాలో పడుతుంది. పెద్దాయన కూడా నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాడు. ఎవరికీ నష్టం లేదు. అద్దానికి అవతల వాడు నవ్వుతూ నిలబడ్డాడు, చిన్నప్పుడు దరువు వేసిన ఆ చేతులతోనే మైకు పట్టుకుని.

నా నోరు తెరుచుకుంది. నేను మాట చెప్పలేదు, పాడాను. దేవుడి పాటలు తప్ప ఇంకేవీ పాడని నా గొంతుతో, ఆ లైను మొత్తం, ఆగకుండా, నాకు పద్నాలుగేళ్లప్పుడు విన్నట్టే.

'తలుపు తీసే ఉంచాను, వానైనా రావచ్చు, నువ్వైనా రావచ్చు.'

పెద్దాయన వంకర వేళ్లు బల్ల మీద తాళం వేశాయి. "అదీ! అదే. ఒకే ఊపిరి. వాడప్పుడు గుర్రంలా ఉండేవాడు."

"మరి ఈయన పాడింది?" అంది అమ్మాయి.

"గీత," అన్నాను. "రికార్డు మీద గీత పడింది. ముల్లు ఎగిరేది. నేనే... నా వల్లే పడింది."

అద్దానికి అవతల మా మాటలు వినపడేలా మీట వేసే ఉంది. తమ్ముడి ముఖంలో నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది, ఎవరో తీసేయడం మరిచిపోయినట్టు.

పెద్దాయన మైకు దగ్గరికి వంగి మెత్తగా చెప్పాడు. "తుంచి పాడటం స్టైలు కాదు నాయనా. జబ్బు. ముప్ఫై ఐదు దాటాక వాడి ఊపిరితిత్తులు పాడయ్యాయి, లైను మొత్తం అందేది కాదు. ముక్కలు చేసుకుని పాడేవాడు. జనం చప్పట్లు కొట్టారు, మేం ఊరుకున్నాం. ఈ పాట మాత్రం వాడు బాగున్నప్పటిది. నీ గొంతు దొరకడం మా అదృష్టం. ఒక్కసారి మొత్తంగా పాడు, చాలు."

వాడు తలూపాడు. పాడాడు.

'తలుపు తీసే ఉం' దగ్గర గొంతు దానంతటదే వెనక్కి గెంతింది. నలభై మూడేళ్ల అలవాటు. "సారీ సార్," అన్నాడు. రెండోసారి గెంతకుండా దాటాడు కానీ 'వానైనా' దగ్గరే ఊపిరి అయిపోయింది. అప్పుడు నాకు అర్థమైంది. ఆ గెంతుల మధ్యే వాడు ఇన్నేళ్లూ ఊపిరి తీసుకుంటున్నాడు. అందరికీ స్టైలులా కనిపించింది కానీ, అది వాడు దమ్ము కూడదీసుకునే చోటు. మూడోసారి చివరిదాకా వెళ్లి, ఆ 'రావచ్చు' మీద గొంతు గుడ్డ చిరిగినట్టు చిరిగింది. నాలుగోసారి గాలి తప్ప ఏమీ రాలేదు.

నేను ఫ్లాస్కు మూత తిప్పుతూనే ఉన్నాను. అది రావడం లేదు.

"ఇంకోసారి," అని వాడి పెదవులు కదిలాయి. "మేడమ్, ఇంకొక్కసారి."

ఆ అమ్మాయి మీట కట్టేసింది. "ఫోన్ చేస్తాం," అంది. నా వైపు చూడలేదు. పెద్దాయన మాత్రం గుమ్మం దాకా వచ్చి మా వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

బస్టాపులో ఎండ. ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. వాడు పలక తీసి, 'ఎన్నేళ్లు' అని రాశాడు.

"నీకు మూడేళ్లప్పటి నుంచి," అన్నాను. నూనె గురించి, పీచు గురించి, నాన్న గురించి, అంతా చెప్పాను. మనుషులు చూస్తున్నారు, అయినా చెప్పాను.

వాడు చొక్కా చేత్తో పలక తుడిచి మళ్లీ రాశాడు. 'ముందే చెప్పి ఉంటే నేర్చుకునేవాణ్ణి.'

బస్సొచ్చింది. నా పక్క సీటు ఖాళీగానే ఉంది. వాడు వెళ్లి డ్రైవరు వెనక నిలబడ్డాడు.

ఇంటికి వచ్చాక మా ఆయన, "ఏం జిరాక్సూ, ఒరిజినల్ అయ్యావా?" అంటూ తలుపు తీశాడు. మా ముఖాలు చూసి పక్కకి తప్పుకున్నాడు.

తర్వాతి వారమే ఆపరేషన్ అయింది. కాయలు పోయాయి. మాట్లాడొచ్చు, మెల్లగా, పాట ఊసెత్తొద్దు అన్నాడు డాక్టరు. వాడు బావతో గుసగుసగా మాట్లాడేవాడు. పాలవాడితో మాట్లాడేవాడు. నాకు మాత్రం పలకే. 'అన్నం చాలు.' 'ఆలస్యంగా వస్తా.' కోపంగా ఉన్నట్టు ఒక్క అక్షరం కూడా రాయలేదు. అదే నన్ను తినేసింది.

రోజూ పొద్దున దీపం ముందు నిలబడి అడిగేదాన్ని. స్వామీ, నూనె నీ దీపంలోదే. నిజం చెప్పమన్నదీ నువ్వే. చెప్పాను. కానీ అది నిజం కోసం చెప్పానా, నలభై మూడేళ్ల బరువు నా మీంచి దించుకోవడానికి చెప్పానా? దించినది ఎక్కడ పడిందో చూశావు కదా. ఆ బరువు నా మీదే ఉంచుకుని 'అవును' అని ఉంటే, నువ్వు నన్ను ఏం చేసేవాడివి? దీపం నిలకడగా వెలిగేది.

ఎనిమిది నెలలకి సినిమా వచ్చింది. మా పేట మొత్తం మొదటి ఆటకే వెళ్లింది, అది తమ సొంత సినిమా అన్నట్టు. తమ్ముడు రాడనుకున్నాను. పెట్టె అడుగు నుంచి తెల్ల బనియను తీసి, పైన చొక్కా వేసుకుని వచ్చాడు. మా ఇద్దరి మధ్య కూర్చోవాల్సిన మా ఆయన, "నాకు పక్కన దారి ఉండాలి, మోకాలు నొప్పి," అని చివరి సీటులోకి జరిగాడు. వాడు నా పక్కన కూర్చోక తప్పలేదు.

హాల్లో దీపాలు ఆరాయి. తెర మీద ఒక కారు షెడ్డు, నలుగురు కుర్రాళ్లు, పాత డ్రమ్ములు. పాట మొదలైంది. ఎవరో చిన్నవాడి గొంతు, నిండుగా, అలుపులేకుండా. బాగా పాడాడు, అబద్ధమెందుకు. ఆ లైను వచ్చింది. ఒకే ఊపిరిలో, నేను విన్నట్టే, మెట్లెక్కినట్టు పైకి వెళ్లిపోయింది.

హాలు మాత్రం దానితో వెళ్లలేదు.

"తలుపు తీసే ఉం!" అని వెనక వరసల్లోంచి ఎవరో అందుకున్నారు. "తలుపు తీసే ఉం!" ఈసారి సగం హాలు. తెర మీద పాట తర్వాతి లైనులో ఉంది. వీళ్లు దాన్ని వదిలేశారు.

"ఏంట్రా, సినిమాలో రెండు ముక్కలు ఎగిరిపోయాయి!" అని ఒకడు అరిచాడు.

"మనోడిదే కరెక్టు రా!"

నేను వాడి వైపు చూడలేకపోయాను. వాడు పాడటం లేదు, పాడలేడు. ఊపిరి మాత్రం వినపడుతోంది, ముక్కలు ముక్కలుగా. కుర్చీ చేతి మీద నా చెయ్యి ఉంది. దాని మీద వాడి చెయ్యి పడింది. ఎనిమిది నెలల తర్వాత.

హాలు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. మొదటి 'టక్'కి వాడి వేలు ఒకటి తట్టింది. రెండో దానికి మళ్లీ తట్టింది. మూడోసారి హాలంతా ఒక్కటై 'తలుపు తీసే ఉంచాను' అంటుంటే, వాడి బొటనవేలు నా మణికట్టు మీద నొప్పి పుట్టేంత గట్టిగా దిగింది, నాన్న ఆ ముల్లు చేతి మీద నాణెం పెట్టినట్టు. నేను చెయ్యి తీసుకోలేదు. పాట ముందుకి జరిగింది.